తరగతులు మొదలవకముందే చదవాలా? లా కోర్సులో చేరబోతున్న ఒక విద్యార్థిని కేస్ స్టడీ

నేపథ్యం

హనుమకొండలో వకీలుగా పని చేస్తూ, సాయంత్రాలు కొత్తగా లా చదువుకు వచ్చే పిల్లలకు చేతనైన సాయం చేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ ముగిసిన వారంలోనే ఏటా ఒకే ప్రశ్న నా గుమ్మం తొక్కుతుంది: కాలేజీ తెరిచేలోపు ఏం చదవాలి? ఈ ప్రశ్నకు నేను చాలాకాలం ఒకే జవాబు చెప్పాను. ఆ జవాబు అందరికీ పనికిరాదని నాకు నేర్పిన కేసు ఇది కాబట్టి దీన్ని రాసిపెడుతున్నాను.

విద్యార్థినిని ఇక్కడ స్వప్న అందాం. అది ఆమె అసలు పేరు కాదు. ఆమెను గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. ఈ రాతప్రతిని ఆమె చదివి సరేనన్న తర్వాతే బయట పెడుతున్నాను. ఆమెది నర్సంపేట వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా సర్కారు బడి, ఇంటర్, డిగ్రీ తెలుగు మాధ్యమం. ఇంట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషి ఆమే. తండ్రికి రెండున్నర ఎకరాల చెలక, అందులో పత్తి, మక్క. మూడేళ్ల ఎల్ఎల్‌బీ కోసం లాసెట్ రాసి, జూన్ రెండో వారంలో తండ్రిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

లా కోర్సుకు ముందు వేసవి అని అంటాం గానీ, మన దగ్గర అది మాటవరసకే వేసవి. పరీక్ష జూన్ మొదట్లో జరిగితే ఫలితాలు, కౌన్సెలింగ్, సీటు కేటాయింపు అన్నీ దాటి తరగతులు మొదలయ్యేసరికి బతుకమ్మ పండుగ దగ్గరపడుతుంది. అంటే రోహిణి ఎండల్లో మొదలైన నిరీక్షణ పత్తి విత్తడం, కలుపు తీయడం దాటి పూత దశ దాకా సాగుతుంది. ఇంత పొడవైన ఖాళీ సమయం కావడం వల్లే ‘ముందే చదవాలా’ అన్న ప్రశ్నకు ఇక్కడ బరువు ఎక్కువ.

వచ్చిన సమస్య

తండ్రి మాట సూటిగా ఉంది. “సారూ, కాలేజి తెరిశేదాక పొల్ల ఉట్టిగ కూసుంటే సదువు మర్శిపోతది. ఏదన్న జెప్పుండ్రి, సదువుకుంటది.”

స్వప్న ఉట్టిగా ఏమీ కూర్చోలేదు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) గైడునూ, ఒక లాంగ్ నోట్‌బుక్‌నూ తీసి నా ముందు పెట్టింది. గైడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నోట్‌బుక్‌లో సెక్షన్ నంబర్లు నీలిసిరాతో, శిక్షలు ఎర్రసిరాతో, పక్కన తెలుగులో ఒక్క మాట అర్థం. 302 హత్య, 307 హత్యాయత్నం, 379 దొంగతనం, 420 మోసం. దస్తూరి ముత్యాల్లా ఉంది. అలా వంద సెక్షన్లకు పైగా రాసి, అన్నీ కంఠతా పట్టింది.

నేను ఆమెను ఒకే ప్రశ్న అడిగాను. ఒక వ్యాపారి మీ నాన్న దగ్గర పత్తి కొని, పదిహేను రోజుల్లో డబ్బు ఇస్తానని చెప్పి ఇవ్వలేదనుకో, అది మోసం నేరమవుతుందా? “ఫోర్ ట్వంటీ సార్” అని వెంటనే చెప్పింది. ఎందుకని అడిగితే మాట రాలేదు. కొన్ననాడే ఎగ్గొట్టాలన్న దురుద్దేశం అతనికి ఉందా, లేక తర్వాత చేతిలో డబ్బు ఆడక ఇవ్వలేకపోయాడా అన్నదాని మీద జవాబు ఆధారపడుతుందని, రెండోదైతే అది సాధారణంగా సివిల్ బాకీ మాత్రమే అవుతుందని చెప్పాను. ఆ తర్వాత, ఆమెకు ఇంకెవరూ చెప్పని సంగతి నేనే చెప్పవలసి వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 511 సెక్షన్ల పాత శిక్షాస్మృతి పోయి 358 సెక్షన్ల కొత్త చట్టం వచ్చింది. హత్యకు శిక్ష ఇప్పుడు 103లో ఉంది, ఆమె చెప్పిన 420 ఇప్పుడు 318(4). ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది గనుక కోర్టుల్లో ఐపీసీ మాట ఇంకా చాలాకాలం వినపడుతుంది, నీ శ్రమ మొత్తం బూడిదలో పోసిన పన్నీరు కాలేదు అని అన్నాను. నోట్‌బుక్ మూసి కవరులో పెట్టుకుంటున్నప్పటి ఆమె ముఖం చూస్తే ఆ ఓదార్పు ఏమంత పని చేసినట్టు అనిపించలేదు.

ఈ పద్ధతి ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు ఉంటాయి, అందులో సగం న్యాయ విద్యాభిరుచి పేరుతో వస్తాయి. నంబరు చూసి నేరం గుర్తుపట్టేవారికి అక్కడ మార్కులు పడతాయి. అదే పనిముట్టుతో కోర్సులోకి దిగితే ఏమవుతుందో ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఎల్ఎల్‌బీ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టే పని ఉండదు. ఒక తగాదా చెప్పి, ఎవరి వాదన నిలుస్తుందో కారణాలతో రాయమంటారు.

వెళ్లేముందు, తండ్రి చెప్పులు తొడుక్కుంటుండగా, అసలు మాట బయటికి వచ్చింది. “సార్, క్లాసుల అందరు ఇంగ్లిష్ మీడియమోళ్లే ఉంటరట. ముందుగాల చదువుకోకపోతే ఎన్కవడ్త.” ఆమె సమస్య సిలబస్ కాదని నాకు అప్పుడే తెలియాల్సింది. తెలిసింది గానీ, దానికి నేను ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు.

నా మొదటి సలహా, అది ఎందుకు చెడింది

నా పాత జవాబు ఇది: ఏమీ చదవొద్దు. లా అనేది తరగతి గదిలో, తోటివాళ్లతో వాదిస్తూ పట్టుబడే చదువు. ఎవరూ చెప్పకుండా ముందే చదివితే తప్పుగా నేర్చుకుంటావు, ఆ తప్పు తీసేయడానికి రెండింతల సమయం పడుతుంది. కడుపునిండా తిను, కంటినిండా నిద్రపో, రోజూ ఒక ఇంగ్లీషు పేపరు చూడు, చాలు.

ఈ సలహా వెనక నాకు అనుభవం ఉంది. మూడేళ్ల కోర్సును ఎక్కడా తడబడకుండా దాటిన పిల్లలు చాలామంది ముందు ఏమీ చదవనివాళ్లే. అయితే వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఒక ఉద్యోగి, ఒక టీచరు, ఒక వకీలు ఉన్నవాళ్లని నేను అప్పటికి లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లకు ఇంగ్లీషు వాక్యం భయం పుట్టించదు. కోర్టు, నోటీసు, అఫిడవిట్ లాంటి మాటలు ఇంట్లో అన్నం తింటుండగానే వింటారు. ‘విశ్రాంతి తీసుకో’ అన్న మాట వాళ్లకు నిజంగా విశ్రాంతే. స్వప్నకు మాత్రం అది, నీ భయాన్ని ఒక్కదానివే మోసుకో అని చెప్పినట్టయింది.

మూడు వారాల తర్వాత తెలిసింది. నాకు చెప్పకుండా ఒక కోచింగ్ కేంద్రంలో నలభై రోజుల ముందస్తు లా కోర్సుకు సగం ఫీజు కట్టి, రోజూ బస్సులో వచ్చి పోతోంది. వాళ్లు మొదటి సెమిస్టర్ సబ్జెక్టులకు ప్రశ్న-జవాబు నోట్సు జిరాక్స్ ఇచ్చి చదివిస్తున్నారు. ఆ కేంద్రాన్ని నేను తప్పుపట్టను, వాళ్లు చేస్తామన్నదే చేశారు. పన్నెండో రోజున మానేసి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెప్పిన కారణమే నన్ను ఆలోచనలో పడేసింది. జవాబులు కంఠతా వచ్చాయిగానీ, అందులో ఒక్క వాక్యాన్ని కూడా తన మాటల్లో తిప్పి చెప్పలేకపోతున్నానంది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. పేపరు చదవమన్న నా మాట కూడా గట్టెక్కలేదు. పేపరులోని ఇంగ్లీషు వేరు, చట్టంలోని ఇంగ్లీషు వేరు. సంపాదకీయం రోజూ చదివే మనిషి కూడా ‘నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీథింగ్ కంటెయిన్డ్’ అని మొదలై ఆరు వరుసల తర్వాత ఆగే వాక్యం ముందు నిలబడిపోతాడు.

రెండో ప్రయత్నం

ఈసారి గైడు కాకుండా మూలమే చదివిద్దామనుకుని భారత రాజ్యాంగం చేతికిచ్చాను. రోజుకు ఐదు అధికరణాలు, పక్కన తెలుగులో అర్థం రాయాలి. వారం తిరిగేసరికి పుస్తకం తెచ్చింది. 12వ అధికరణం పక్కన ఆమె రాసుకున్నది ఇది: స్టేట్ అంటే తెలంగాణ.

నవ్వు రాలేదు. నా తప్పు అక్కడ పెన్సిలుతో రాసినట్టు కనపడింది. ప్రాథమిక హక్కుల భాగంలో ‘స్టేట్’ అంటే కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు, ఇతర అధికార సంస్థలు అన్నీ. అంటే వాళ్ల గ్రామ పంచాయతీ కూడా ఆ మాట కిందికే వస్తుంది. ఆమె నోట్సులో పౌరుడి హక్కులన్నీ ఒక్క రాష్ట్ర ప్రభుత్వం మీదనే ఉన్నాయి, ఢిల్లీని తప్పించేసింది. ఇంగ్లీషు రాకపోవడం దీనికి కారణం కాదు. ‘స్టేట్’ ఆమెకు బాగా తెలిసిన మాట, తెలియని మాటైతే నిఘంటువు చూసేది. తెలిసిన మాట కాబట్టే చూడలేదు.

చట్టాన్ని మొదటి పేజీ నుంచి కథలా చదివించడం తప్పని ఈ వారం తేల్చింది. రాజ్యాంగాన్ని పక్కన పెట్టించాను.

మూడో నిర్ణయం: మాటల నుంచి మొదలు

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక జాబితా రాశాం. ఊళ్లో రోజూ వాడే, చట్టంలో వేరే అర్థం ఉన్న మాటలు. ‘ఆఫర్’ అంటే ఆమెకు బట్టల దుకాణంలో తగ్గింపు. కాంట్రాక్టు చట్టంలో అది, నేను ఈ పని చేస్తాను లేదా మానుకుంటాను, నీకు సమ్మతమేనా అని ఎదుటివాడి ముందు పెట్టే ప్రతిపాదన. దుకాణంవాడు అద్దాల వెనక ధర చీటీ పెట్టడం సాధారణంగా ఆఫర్ కిందికి రాదు, ఆఫర్ చేయమని కొనేవారిని పిలవడం మాత్రమే. ‘పార్టీ’ అంటే జెండా, లేకపోతే దావతు. ‘కాంట్రాక్టు’ అంటే రోడ్డు పని. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ‘అగ్రిమెంటు’. మా పల్లెల్లో “అగ్రిమెంటు రాసుకున్నం” అంటారు. అంటే అగ్రిమెంటు ఒక కాగితం. చట్టంలో అగ్రిమెంటు ఇద్దరి మధ్య కుదిరిన మాట, కాగితం దానికి సాక్ష్యం మాత్రమే. నోటిమాటతోనూ అగ్రిమెంటు కుదురుతుందని ఒప్పుకోవడానికి స్వప్నకు రెండు రోజులు పట్టింది. “మరి కాయిదం లేకపోతే ఎవలు నమ్ముతరు సార్?” అన్నది ఆమె అభ్యంతరం. అది మంచి అభ్యంతరం. నిరూపణ వేరు, ఉనికి వేరు అనే తేడా ఆ అభ్యంతరంలోంచే తేలింది.

ఇక్కడ నేను మూడు కట్టుబాట్లు పెట్టాను. రోజుకు గంట మించకూడదు, ఎందుకంటే చేనిపని ఎలాగూ తప్పదు, అలసిపోయి కాలేజీ గడప తొక్కితే లాభం లేదు. గైడు ముట్టకూడదు. రోజుకు ఒకే సెక్షన్, అదీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోంచి మాత్రమే. ఆ చట్టాన్ని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. మొదటి సెమిస్టర్‌లో అది ఎలాగూ వస్తుంది, వాక్యాలు పొట్టివి, చాలా సెక్షన్ల కింద చిన్న చిన్న ఉదాహరణలు చట్టంలోనే ఉంటాయి, పైగా కొనడం, అమ్మడం, అప్పు, జామీను అన్నీ ఆమె ఊళ్లో జరిగేవే. క్రిమినల్ చట్టం మీద ఆమెకున్న మోజు తగ్గకుండా కాంట్రాక్టు చట్టం పట్టించడం మాత్రం కొంచెం కష్టమే అయింది. పిల్లలందరికీ 302 మీద ఉన్న ప్రేమ సెక్షన్ 10 మీద ఎందుకుంటుంది?

సెక్షన్ 10 దగ్గర ఈ కేసు మలుపు తిరిగింది కాబట్టి అది కాస్త వివరంగా చెబుతాను. ఆ సెక్షన్ మొదటి వాక్యాన్ని ఒక తెల్లకాగితం మీద రాయించి, కామా దగ్గర, ‘అండ్’ దగ్గర గీతలు కొట్టించాను. ఐదు ముక్కలు వచ్చాయి: స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలి, ఇరుపక్షాలూ ఒప్పందానికి అర్హులై ఉండాలి, చట్టబద్ధమైన ప్రతిఫలం ఉండాలి, చట్టబద్ధమైన ఉద్దేశం ఉండాలి, ఇదే చట్టం చెల్లదని ప్రకటించినదై ఉండకూడదు. ఐదూ ఉంటే ఒప్పందం కాంట్రాక్టు అవుతుంది. ఇంట్లో ఏదైనా కాగితం ఉంటే దానికి ఈ ఐదూ పెట్టి చూడమన్నాను.

మరుసటి వారం ఆమె తెచ్చింది వాళ్ల తాత కొన్న ఎకరం పది గుంటల సాదా బైనామా జిరాక్స్. తెలంగాణలో భూమితో పరిచయం ఉన్నవారికి ఈ కాగితం గురించి చెప్పనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. నాలుగు దిక్కుల హద్దులు, ముట్టిన పైకం, అమ్మినాయన నిశాని, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, రాసినవారి పేరు. మడతల దగ్గర అక్షరాలు చెరిగి ఉన్నాయి. స్వప్న ఐదు ముక్కలకూ ఎదురుగా టిక్కు పెట్టి తెచ్చింది. ఇష్టపడే అమ్మిండు, ఇద్దరూ పెద్దమనుషులే, పైకం ముట్టింది, భూమి అమ్మడం తప్పేం కాదు, చెల్లదని ఎక్కడా లేదు. ఆ తర్వాత నన్ను నిలదీసింది: “అన్ని ఉన్నయ్ గద సార్, మరి పట్ట మా పేరు మీద ఎందుకు గాలె?”

జవాబు చెప్పడానికి నోరు తెరిచి ఆపుకున్నాను. అదే సెక్షన్‌లో రెండో పేరా ఉంది, దాన్ని ఆమె గీత కొట్టకుండా వదిలేసింది. అది చదువుకుని రమ్మన్నాను. ఆ రాత్రి తొమ్మిది దాటాక ఫోను వచ్చింది. “సార్, ఈ చట్టం వేరే చట్టాల జోలికి పోదట. రాసుకోవాలె, సాక్షులుండాలె, రిజిస్ట్రేషన్ కావాలె అని వేరే చట్టం ఏదన్న చెప్తే అది అట్లనే ఉంటదట.” అంతే. ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని, ఆ చట్టం 1882 నాటిదని మాత్రం నేను కలిపాను. రిజిస్టరు కాని దస్తావేజును ఏ మేరకు సాక్ష్యంగా తీసుకుంటారో చెప్పే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ కూడా నాలుక చివరికి వచ్చింది. చెప్పేస్తే మళ్లీ నేనే కోచింగ్ కేంద్రం అవుతాను. అది రెండో ఏడు చూద్దువులే అన్నాను. చెప్పాలన్న ఉబలాటం నాకే ఎక్కువని ఆ రాత్రి ఒప్పుకోవలసి వచ్చింది.

ఒక తీర్పు, ఒక రోజు కోర్టు

సెక్షన్లతో పాటు తీర్పు చదవడం అలవాటు చేయాలనుకున్నాను. రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పుతో మొదలుపెట్టమని చెప్పే సీనియర్లు ఉన్నారు. పదమూడు మంది న్యాయమూర్తులు, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు, వందల పేజీలు. ఈత రానివాడిని రామప్ప చెరువు మధ్యలో దింపినట్టు ఉంటుంది. నేను 1913 నాటి అలహాబాదు హైకోర్టు తీర్పు, లాల్మన్ శుక్లా కేసు ఎంచుకున్నాను. చాలా పొట్టిది. ఇంటి నుంచి తప్పిపోయిన పిల్లవాడిని వెతకడానికి యజమాని తన దగ్గర పనిచేసే మనిషిని హరిద్వార్ పంపుతాడు. అతను వెళ్లాక, పిల్లవాడి ఆచూకీ తెచ్చినవారికి 501 రూపాయలు ఇస్తామని కరపత్రాలు వేస్తారు. ఆ సంగతి తెలియకుండానే ఇతను పిల్లవాడిని కనిపెడతాడు. తర్వాత తెలిసి బహుమతి కోసం దావా వేస్తాడు, ఓడిపోతాడు.

“పాపం గద సార్, పిల్లగాన్ని పట్టింది ఆయనేనాయె” అన్నది ఆమె మొదటి మాట. న్యాయం కాదనిపిస్తే ఎందుకు కాదో ఒక పేజీ తెలుగులో రాయమన్నాను. ఆ పేజీ కింద, కోర్టు ఎందుకు అలా అన్నదో ఇంకో పేజీ. రెండో పేజీ కోసం ఆమె మూడుసార్లు తిరగరాసింది. మూడోసారి రాసిన దాంట్లో, తెలియని ప్రతిపాదనకు ఒప్పుకోవడం కుదరదు, పైగా వెతకడం అప్పటికే అతని డ్యూటీ అని రెండు కారణాలు విడివిడిగా పడ్డాయి. ఆ తర్వాతే దాన్ని ఇంగ్లీషులో రాయించాను. ఆలోచన తెలుగులో కుదిరాక ఇంగ్లీషు వాక్యం తప్పుల తడకగా ఉన్నా పర్వాలేదు, సరిదిద్దవచ్చు. ఇంగ్లీషులోనే మొదలుపెట్టినప్పుడు వాక్యం బాగుండి లోపల ఏమీ లేకపోవడం నేను చాలామందిలో చూశాను. తీర్పులు వారానికి ఒకటి చొప్పున మొత్తం ఆరే చదివించాను.

కోర్టుకు పంపే విషయంలో మొదట తటపటాయించాను. మే నెలలో వచ్చేవాళ్లకు ఈ సలహా ఎలాగూ పనికిరాదు, సివిల్ కోర్టులకు అప్పుడు వేసవి సెలవులు. జులైలో అయితే అన్నీ నడుస్తుంటాయి. విచారణలు మామూలుగా అందరికీ తెరిచే ఉంటాయి గనుక ఎవరి అనుమతీ అక్కర్లేదు, వెనక బెంచీలో కూర్చుని ఫోను మూసుకుంటే చాలు. సినిమా కోర్టు చూసి పెరిగిన పిల్ల వాయిదాల కోర్టు చూసి నీరుగారిపోతుందేమోనన్నదే నా భయం. ఒక గంటసేపు అలాగే జరిగింది. పేరు పిలవడం, వాయిదా, పేరు పిలవడం, వాయిదా.

మధ్యాహ్నం ఒక సాక్షి బోను ఎక్కాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం వకీలు ప్రశ్నించేటప్పుడు) అడిగిన ఒక ప్రశ్నకు అతను “యాదికి లేదు” అన్నాడు, ఇంకొకదానికి “ఎర్క లేదు” అన్నాడు. వాంగ్మూలం ఇంగ్లీషులో రికార్డు అవుతోంది. రెండోదాన్ని కూడా ‘గుర్తులేదు’ అనే అర్థంలో టైపు చేయబోతుండగా ఒక వకీలు లేచి, సాక్షి అన్నది గుర్తులేదని కాదు, తెలియదని అని సరిచేయించారు. సాయంత్రం స్వప్న నాతో చెప్పింది ఈ ఒక్క సంగతే. గుర్తులేదన్నవాడికి ఒకప్పుడు తెలుసు, తెలియదన్నవాడికి ఎప్పుడూ తెలియదు, ఆ తేడా మీద కేసు పోవచ్చు కదా సార్, అంది. ఆ తేడాను ఆ గదిలో ఆమె అందరికంటే ముందు పట్టుకుని ఉంటుంది, ఎందుకంటే అది ఆమె ఇంటి భాష. వెనకబడతానన్న మాట ఆ రోజు తర్వాత ఆమె నోట నేను వినలేదు.

ఫలితం

తరగతులు మొదలయ్యేనాటికి ఆమె చేతిలో ఉన్నవి కాంట్రాక్టు చట్టంలో నలభై చిల్లర సెక్షన్లు, ఆరు తీర్పులు, ఒక మాటల నోట్‌బుక్. మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్టులో మంచి మార్కులు వచ్చాయి. టార్ట్స్‌లో (పరిహారం కోరదగిన సివిల్ తప్పుల చట్టంలో) పర్వాలేదు, తగాదా ప్రశ్నలకు జవాబు రాసే పద్ధతి అక్కడా పనికొచ్చింది. కుటుంబ చట్టంలో బొటాబొటీగా గట్టెక్కింది.

చెప్పకుండా దాటేయకూడని నష్టం ఒకటి ఉంది. కాంట్రాక్టు తనకు వచ్చనుకుని మొదటి నెలన్నర ఆ క్లాసులు చాలా ఎగ్గొట్టింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, ఆ పేపరులో ఆమె అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మైనరుతో ఒప్పందం అసలే చెల్లదన్న 1903 నాటి మొహిరీ బీబీ తీర్పును నేను ఆమెకు తొందరలో చెప్పాను. మైనరుకు ఇచ్చిన నిత్యావసరాల ఖర్చును అతని ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చని సెక్షన్ 68 చెబుతుందన్నది కలపలేదు. ఆ పాఠం జరిగిన రోజు ఆమె క్లాసులో లేదు, ఇంటర్నల్‌లో ఆ ప్రశ్నకే మార్కులు పోయాయి. ముందే నేర్చుకున్న తప్పు తీయడం కష్టమని నేనే పిల్లలకు చెబుతుంటాను. ఈ తప్పు నేర్పింది నేనే.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఈ కేసు తర్వాత, వచ్చినవారికి వెంటనే జవాబు చెప్పడం మానేశాను. ముందు ఒక సెక్షన్ చేతిలో పెట్టి పది నిమిషాలు చూస్తాను. వాక్యం తడబడకుండా చదివి తన మాటల్లో చెప్పగలిగితే నా పాత సలహానే ఇస్తాను: ఇంటికెళ్లి హాయిగా ఉండు. తడబడితే సెక్షన్ల పద్ధతి పెడతాను, అదీ ఒకే చట్టంతో, గంట మించకుండా. ఐపీసీ గైడు తెచ్చినవారిని ఇప్పుడు తిట్టను. అందులోంచి ఒక నేరం తీసి, భారతీయ న్యాయ సంహితలో అదెక్కడుందో వెతికి, పదాల్లో ఏం మారిందో రాయమంటాను. ఇండియా కోడ్ వెబ్‌సైటులో చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి గనుక గైడుకు డబ్బు పెట్టక్కర్లేదని చెబుతాను. కాంట్రాక్టు క్లాసు ఒక్కటీ ఎగ్గొట్టనని ముందే మాట తీసుకుంటాను.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకు వెళ్లే పిల్లలకు ఈ పద్ధతి పెట్టడం లేదు. ఇద్దరితో ప్రయత్నించాను, ఇద్దరూ విసుగుచెందారు. పదిహేడేళ్ల పిల్లలకు సాదా బైనామా మీద ఉండే ఆసక్తి ఎంతో నేను ముందే ఊహించాల్సింది.

స్వప్న ఇప్పుడు రెండో సెమిస్టర్‌లో ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చి, రెండో ఏడు చూద్దువులే అన్న 49వ సెక్షన్‌ను తనే చదువుకుని, దాని కింది ప్రొవిజోను (మినహాయింపు చెప్పే వాక్యాన్ని) ముక్కలు చేసి తెచ్చింది. రెండు చోట్ల తప్పు కొట్టింది, దిద్దాను. దాంతో పాటు తాత కాగితం విషయంలో తహసీల్దారుకు తండ్రి పేరున తెలుగులో ఒక దరఖాస్తు రాసి తెచ్చింది. సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, నాటి నుంచి సాగులో ఉన్న సంగతి, జత చేసిన కాగితాలు అన్నీ వరుసలో ఉన్నాయి. ‘అగ్రిమెంటు’ అన్న మాట రాసి, కొట్టేసి, పైన ‘సాదా బైనామా పత్రం’ అని మళ్లీ రాసింది. అందులో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.